బయటికి దారిలేని నీళ్ళు

గురుస్వామికి పొలం వచ్చింది డెబ్బై నాలుగులో. భూమి లేనివాళ్ళకు సర్కారు పట్టాలు పంచిన ఏడాది అది. ఆళ్ళగడ్డకు పడమర నాలుగు మైళ్ళలో దిన్నెపల్లె అని ముప్పై గడపల ఊరు. ఊరి చివర క్రైస్తవుల పేట. ఆ పేటలో పట్టా అందింది ముగ్గురికే. ఇద్దరికి రాళ్ళనేల వచ్చింది. గురుస్వామికి మాత్రం మూడెకరాల నల్లరేగడి వచ్చింది, ఊరికి దిగువన, పళ్ళెంలాగా లోపలికి దిగిన నేల. అప్పటిదాకా అందులో గొడ్లు మేసేవి.

పదేళ్ళప్పుడు తల్లీతండ్రీ ఒకే ఏడాది పోయినప్పటినుంచి అతను ఊరివాళ్ళ గొడ్లు కాసినవాడే. ఆ బీడులోనే కాసినాడు. తమ్ముడు దేవరాజును నంద్యాల హాస్టల్లో చేర్చి చదివించినాడు. తనకు సంతకం రాదు. తమ్ముడు ట్రైనింగు పాసై ఆళ్ళగడ్డ హైస్కూల్లో సోషలు టీచరుగా చేరిన రోజు, బడి గేటుదాకా పోయి, లోపలికి పోకుండా చూసి వెనక్కి వచ్చినాడు.

మొదటి రెండేళ్ళు జొన్న మనిషెత్తు పెరిగింది. గురుస్వామి భార్య కృపావతి మొదటి కంకులు కోసి, కోతపండుగనాడు పేటలోని ఏసు గుళ్ళో పెట్టింది. పొద్దున లేచి పొలం గట్టున ఊరికే కూర్చోవడం గురుస్వామికి అలవాటైంది. పనేమీ లేకపోయినా పోయేవాడు. ఆదివారం దేవరాజు తన భార్య దెబోరాను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని వస్తే, అన్నను వెతకాల్సిన పని ఉండేది కాదు.

డెబ్బై ఏడులో తూర్పు పక్క పొలాలకు పెద్దకాలువ నీళ్ళు వచ్చినాయి. జొన్న, కొర్ర వేసేవాళ్ళంతా వరి నాటినారు. ఊరంతా సంతోషపడింది. గురుస్వామీ సంతోషపడినాడు. అతని పొలానికి కాలువ అందదు గానీ, పైన నేల తడిస్తే కింద తనకూ పదును నిలుస్తుందనుకున్నాడు.

పదును నిలిచింది. మరుసటేడు అది నీళ్ళుగా నిలిచింది. మాఘమాసం వచ్చినా పొలం నడిమధ్య మోకాలిలోతు నీళ్ళు ఇంకలేదు. ఎండలు ముదిరినాక ఇంకినాయి. ఇంకినచోట దుప్పటంత మేర తెల్లగా మిగిలింది. కృపావతి ఎవరో సున్నం పారబోసినారనుకుంది. ఊళ్ళో బట్టలుతికే మణెమ్మ గంప తీసుకొని వచ్చి, కొంచెం గీరుకుపోతానని అడిగింది. ఎందుకని కృపావతి అడిగితే, బట్టలు బాగా తెల్లబడతాయి, ఇది మంచి సవుడు మన్ను అని చెప్పింది. సవుడు, అంటే ఉప్పు తేలిన నేల, అన్న మాట ఆ ఇంటివాళ్ళ చెవిన మొదట వేసింది ఆమే.

తర్వాత ఏడాదికి దుప్పటంత తెలుపు కళ్ళమంతైంది. జొన్న మొలిచి, జానెడు లేచి, ఆకుల కొసలు కాలినట్లై నిలిచిపోయింది. గట్టున ఉన్న తుమ్మచెట్టు ఎండింది. ముందు తుంగ చచ్చింది, ఆ తర్వాత గడ్డి.

ఆ రోజుల్లోనే దేవరాజు ఎనిమిదో తరగతికి ఆసియా పాఠం చెప్తున్నాడు. స్టెప్పీ మైదానాలు, అందులో ఉప్పునీటి సరస్సులు. ఏటేటా చెప్పే పాఠమే. బోర్డు మీద కొండలు గీసినాడు, కొండల నుంచి దిగే నదులు గీసినాడు, చెట్టులేని గడ్డి మైదానం నడుమ ఒక గుంట గీసినాడు. నదులన్నీ వచ్చి ఇందులో పడతాయి, బయటికి పోయే దారి ఒక్కటీ లేదు, నీళ్ళను ఎండ తాగుతుంది, నీళ్ళు మోసుకొచ్చిన ఉప్పును తాగదు, అది ఇక్కడే ఉండిపోతుంది, ఏడాదికింత చొప్పున వేల ఏండ్లు పేరుకుంటుంది, ఒడ్డు చుట్టూ తెల్లటి పట్టీ ఏర్పడుతుంది, ఆ పట్టీ దాటి ఏ మొక్కా రాదు. ఇంతవరకు చెప్పి, బోర్డు కేసి చూసి ఆగిపోయినాడు. తూర్పున నల్లమల, అక్కడినుంచి పడమరకు వాలిన నేల, కాలువ, వరిమళ్ళు, అడుగున అన్న మూడెకరాలు. తాను గీసింది అదే. వేల ఏండ్లు అక్కర్లేదు, నాలుగేండ్లు చాలినాయి.

ఆ వారమే మట్టిని సంచిలో కట్టుకొని నంద్యాలకు పోయి పరీక్ష చేయించినాడు. అక్కడివాళ్ళు మర్యాదగానే చెప్పినారు. జిప్సం చల్లి, మంచినీళ్ళు పెట్టి, ఆ నీళ్ళను బయటికి తీసేయాలి. ఉప్పు వాటితో పోతుంది. నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే ఏం చల్లినా దండగ.

దారి ఉందో లేదో చూడటానికి అన్నదమ్ములిద్దరూ మూడు ఆదివారాలు గుడి కాగానే పొలానికి పోయినారు. తాపీపనివాళ్ళు మట్టం చూసుకొనే రబ్బరు ట్యూబు తెచ్చి, నీళ్ళు నింపి, చెరొక కొస పట్టుకొని, నాలుగు పక్కలా కొలిచినారు. దేవరాజు నోటుబుక్కులో రాసుకున్నాడు. మూడు పక్కలా నేల లేచే ఉంది. పడమర పక్క మాత్రం రెండెకరాల చెక్క ఒకటి అడ్డం ఉంది. దాన్ని నిలువెత్తు లోతున కోస్తే, అవతల వానకు పారే వంకలోకి నీళ్ళు దిగుతాయి. ఆ చెక్క మారెన్నది.

మారెన్న, గురుస్వామి ఒక ఈడువాళ్ళు. కలిసి గొడ్లు కాసినవాళ్ళు. మారెన్నవాళ్ళు మారెమ్మను కొలుస్తారు, వీళ్ళు గుడికి పోతారు, అదెప్పుడూ ఇద్దరి మధ్యకు రాలేదు. ఆ చెక్క చివర, వంక ఒడ్డున, మారెన్న తాత తవ్వించిన బావి ఉంది. ఆ చుట్టుపట్ల నేలలో ఏ బావి తవ్వినా ఉప్పునీళ్ళే. అదొక్కటే తీపి. ఊరంతా ఆ నీళ్ళే తాగుతుంది, పేటవాళ్ళతో సహా. ఆ బావి దగ్గర నువ్వు దూరంగా నిలబడు అన్నమాట మారెన్న తాత కాలం నుంచీ లేదు.

మొదట మారెన్న ఒప్పుకోలేదు. నీ సవుడు నీళ్ళు నా చేలో పారితే నా చేను ఏం కావాలని అడిగినాడు. దేవరాజు మాట్లాడినాడు. కింద కూర్చొని పుల్లతో నేలమీద గీసి చూపించినాడు. నీళ్ళు నీ చేలో నిలవవు, లోతుగా పోతాయి, వంకలో పడతాయి, వంక కుందూలో కలుస్తుంది, కుందూ పెన్నలో, పెన్న సముద్రంలో. సముద్రంలో లేని ఉప్పా ఇది.

మారెన్న వంక గీత మీద వేలు పెట్టినాడు.

"వంక మూడు నెల్లే కదప్పా పారేది. ఎండకాలం యాడ పారుతుంది?"

"వానలకు అంతా కొట్టకపోతుందిలే మామా."

ఆ జవాబు చెప్పేటప్పుడు దేవరాజు ఆలోచించలేదు. సముద్రం చేరకుండా మైదానంలోనే ఇంకిపోయే నదుల గురించి అతను ఏటా పిల్లలకు చెప్తాడు. అప్పుడు మాత్రం గుర్తు రాలేదు. అతని మనసంతా అన్న పొలంలో ఉంది.

"నువ్వు సదువుకున్నోనివి. నువ్వు సెప్తాండావంటే సరే," అన్నాడు మారెన్న.

ఎనభై ఒకటి ఎండాకాలంలో ముగ్గురూ మురుగుకాలువ తవ్వినారు. ఇరవై రెండు రోజులు పట్టింది. మారెన్న ఒక్కపూట కూడా మానలేదు. అతని భార్య ఈశ్వరమ్మ అంబలి తెచ్చేది, కృపావతి రాగి సంగటి తెచ్చేది, అందరూ తుమ్మచెట్టు మోడు పక్కన కూర్చొని తినేవాళ్ళు. బావి నుంచి పది బారల దూరంలో కాలువ వంకలో కలిసింది. తొలకరికి నీళ్ళు కదిలినాయి. గురుస్వామి గట్టున నిలబడి, తన పొలంలోని నీళ్ళు తన పొలం దాటి పోవడం చూసినాడు. తమ్ముని భుజం మీద చెయ్యి వేసి అట్లనే ఉంచినాడు. తన జీవితంలో ఆ పూటకు మించింది లేదని దేవరాజు అనుకున్నాడు.

ఆ ఏడు పచ్చిరొట్టకు జీలుగ వేసి దున్నినారు. మరుసటేడు కొర్ర మొలిచింది. అన్నిచోట్లా కాదు, రెండెకరాల మేర. అయినా మొలిచింది.

కానీ ఎనభై రెండులో వానలు సరిగా పడలేదు. వంక పట్టుమని పది రోజులు పారలేదు. పైన వరిమళ్ళకు మాత్రం పెద్దకాలువ నీళ్ళు వస్తూనే ఉన్నాయి, ఆ ఊట గురుస్వామి పొలంలోకి దిగి, అక్కడి ఉప్పు కడుక్కొని, మురుగుకాలువ వెంట వచ్చి వంక మడుగులో నిలిచింది. కుందూ దాకా తోసే వరద రాలేదు. ఏడెనిమిది నెలలు ఆ నీళ్ళు బావి పక్కనే నిలబడి ఎండుతూ ఉన్నాయి.

ఎనభై మూడు మార్చిలో దిన్నెపల్లెలో కందిబ్యాళ్ళు ఉడకడం మానినాయి. ఎంతసేపు మంటపెట్టినా పలుకు పలుకుగానే ఉండేవి. కృపావతి కట్టెలు పచ్చివనుకుంది. పక్కింటామె బ్యాళ్ళు పాతవనుకుంది. ఒకరితో ఒకరు చెప్పుకోలేదు, ఎవరింటి సంగతి వాళ్ళదనుకున్నారు. ఆ తర్వాత ఎద్దులు తొట్టిలో మూతిపెట్టి తీసేసినాయి. తేడా బావి నీళ్ళలోనని అప్పుడు అందరికీ తెలిసింది.

ఒకరోజు మధ్యాహ్నం మారెన్న నాలుగు మైళ్ళు నడిచి ఆళ్ళగడ్డ బడికి వచ్చినాడు. చేతిలో చెంబు, దానిపైన ఆకు కప్పి ఉంది. దేవరాజు తరగతి నుంచి బయటికి వచ్చినాడు. మారెన్న నీడకు కూడా జరగలేదు. చెంబు అందించినాడు.

"తాగప్పా."

దేవరాజు రెండు గుక్కలు తాగినాడు. మూడోది మింగలేకపోయినాడు. మారెన్న అతని ముఖమే చూస్తున్నాడు.

"బాయిదేనా మామా?"

"బాయిదే. ఇంగేం చేయాల్నో సెప్పు. నువ్వే సెప్పాల."

అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. అదే దేవరాజును నిలువునా కోసింది. ఈ మనిషి ఇంకా తనకు తెలుసనే అనుకుంటున్నాడు. నేలలోకి దిగిన ఉప్పును తీసే ఉపాయం తన పుస్తకంలో లేదు. అతను చెంబు వెనక్కి చాపితే మారెన్న తీసుకొని, మిగిలిన నీళ్ళు అక్కడే పారబోసి, మెల్లగా వెళ్ళిపోయినాడు.

సంగతి తెలిసిన రోజే గురుస్వామి పార తీసుకున్నాడు. ముగ్గురు తవ్విన కాలువను ఒక్కడే పూడ్చడం మొదలుపెట్టినాడు. కృపావతి గంపలెత్తింది. ఊరి నుంచి ఎవరూ రాలేదు, ఎవరూ తిట్టలేదు కూడా. రెండో రోజు దేవరాజు సెలవు పెట్టి వచ్చి, చొక్కా విప్పి, పార అందుకోబోయినాడు. గురుస్వామి పార వదల్లేదు.

"నువ్వు బడికి పో."

"అన్నా, నేను గీసిందే కదా ఇది."

"అందుకే అంటాండా. పో."

దేవరాజు పోలేదు. అన్న పార ఇవ్వలేదు. ఆ రోజంతా అతను గట్టున నిలబడి చూసినాడు. సాయంత్రం కృపావతి అతని దగ్గరికి వచ్చి, మీ అన్నకు కోపం లేదు, నీ చేతులు ఇంకోసారి కాయలు కాయకూడదని ఆయనకు, అంతే, అని చెప్పింది. ఆ మాట అతనికి ఏ తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

పదకొండు రోజులకు కాలువ పూడింది. బావి మాత్రం బాగుపడలేదు. నీళ్ళన్నీ తోడి పారబోసినారు, ఊరినవి మళ్ళీ అట్లనే ఉన్నాయి. ఇంకోసారి తోడినారు. ఇంకా ఉప్పగా ఉన్నాయి. ఆడవాళ్ళు మైలున్నర నడిచి పెద్దకాలువ నీళ్ళు తెచ్చుకోసాగినారు. గొడ్లు దిగే నీళ్ళవి, రంగు మారిన నీళ్ళు. ఏప్రిల్లో మారెన్న కూతురు పురిటికని పుట్టింటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై తొమ్మిదో రోజున ఆ బిడ్డకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. ఎద్దులబండిలో ఆళ్ళగడ్డకు తీసుకపోతుంటే దారిలోనే పోయింది. నీళ్ళవల్లనని ఎవరూ అనలేదు. ఎండకు అన్నారు, దిష్టి అన్నారు.

గురుస్వామి ఆ పూట మారెన్న ఇంటిదాకా పోయినాడు. గడప దగ్గర నిలబడినాడు. మారెన్న లోపల నులకమంచం మీద కూర్చొని, చూసి, తల దించుకున్నాడు. ఈశ్వరమ్మ వచ్చి, అన్నా ఇప్పుడొద్దు, పో, అంది. ఆ తర్వాత ఆ ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. నలభై ఏండ్ల స్నేహం. గొడవ జరగకుండానే తెగిపోయింది.

ఆ ఏడు వానలు కుండపోతగా కురిసినాయి. ఒక ఏడు ఆలస్యంగా కురిసినాయి. మురుగుకాలువ పూడింది గనుక గురుస్వామి పొలంలో నీళ్ళు నడుము లోతుకు లేచినాయి. కొర్ర మునిగింది. నీళ్ళు గట్టు దాటి పక్కవాళ్ళ చేలల్లోకి పాకినాయి. ఎండలు వచ్చేసరికి ఒడ్డు చుట్టూ తెల్లటి పట్టీ ఏర్పడింది, నడిస్తే కాళ్ళకింద పటపటమని విరిగేది. మధ్యాహ్నం పూట అటు చూస్తే కళ్ళు మూతలు పడేవి. ఎక్కడివో పొడుగుకాళ్ళ పిట్టలు వచ్చి వాలేవి. ఆళ్ళగడ్డ నుంచి ఒకరిద్దరు చూడటానికి కూడా వచ్చినారు, బాగుంది అన్నారు.

గురుస్వామి రోజూ పోయి ఒడ్డున కూర్చునేవాడు. ఒకరోజు కృపావతి పిలవడానికి పోతే, అతను ఉప్పుపెళ్ళలు చేత్తో ఏరి గంపలో వేసి, గంప నిండాక మోసుకపోయి దూరంగా బాటమీద పారబోసి, మళ్ళీ వచ్చి ఏరుతున్నాడు. పొద్దుటి నుంచీ అదే పని. మూడెకరాలు అట్ల తీసేద్దామనుకున్నాడో ఏమో. ఆమె గంప లాక్కొని, చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొచ్చింది. ఎనభై నాలుగు ఉగాదికి ముందే ఇద్దరూ నంద్యాలకు పోయినారు. గూడ్సు షెడ్డు దగ్గర మూటలెత్తే పని దొరికింది. ఊళ్ళో ఇంటికి తాళం కూడా వేయలేదు.

ఒక్కొక్కటిగా మిగిలిన కుటుంబాలూ కదిలినాయి. నీళ్ళు లేని ఊళ్ళో ఎవరుంటారు. మారెన్న రెండెకరాలు అట్లనే వదిలేసి, బావమరిది ఊరు సంజామలకు పోయినాడు. బండి కదిలే రోజు దేవరాజు సామాను ఎత్తడానికని పోయినాడు. మారెన్న వద్దనలేదు. రోలు ఒకవైపు అతను, ఒకవైపు దేవరాజు పట్టుకొని బండిలో పెట్టినారు. బండి తోలేముందు మారెన్న ఒక్కటే అడిగినాడు.

"దేవరాజూ, ఆ పొద్దు నేను వంక పారదు కదా అని అడిగితి. నీకు తెలిసే సెప్తివా, తెలియకనా?"

"తెలుసు మామా. గుర్తు చేసుకోలేదు."

మారెన్న తల ఊపినాడు. ఎద్దులను అదిలించినాడు.

ఎనభై ఐదులో రెవెన్యూ ఇనస్పెక్టరు ఒకాయన వచ్చి పట్టాభూములు తనిఖీ చేసినాడు. పట్టా ఇచ్చిన నేల సాగు చేయకపోతే వెనక్కి తీసుకోవచ్చని షరతు ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. ఒడ్డున నిలబడి, ఇది పొలమేనా అని రెండుసార్లు అడిగినాడు. పొలమే అని దేవరాజు చెప్పినాడు. సాగు లేదు, ఉప్పునీటి కుంట అని ఆయన పంచనామాలో రాసినాడు. సాక్షి సంతకానికి ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కాగితం దేవరాజుకే అందించినాడు. రాసిందాంట్లో అబద్ధమేమీ లేదు. దేవరాజు సంతకం చేసినాడు.

ఆ కబురు చెప్పడానికి అతను నంద్యాల బస్సెక్కినాడు. దారి పొడుగునా ఎట్ల చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాడు. గూడ్సు షెడ్డు వెనక రేకుల ఇంట్లో గురుస్వామి గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. వీపు వంగిపోయింది. తమ్ముణ్ణి చూసి, కూర్చో అని సైగ చేసినాడు. కృపావతి గ్లాసుతో నీళ్ళిచ్చింది. పట్టా రద్దైందని, తానే సంతకం చేసినానని దేవరాజు చెప్పినాడు. కూర్చుకున్న మాటలేవీ వాడలేదు.

గురుస్వామి అరచేతులు ఒకదానికొకటి రుద్దుకున్నాడు.

"పోనీలే. నువ్వు సెప్పినట్లే నీళ్ళు పొయినాయి కదప్పా. నువ్వు గీసింది తప్పు కాదు."

"అట్లనొద్దన్నా."

గురుస్వామి వినలేదు, లేదా విననట్లు ఉన్నాడు. బయట ఇంజను కూత వేసుకుంటూ పోయింది. అది పూర్తిగా పోయేదాకా ఆగి అడిగినాడు.

"మారెన్న యాడుండాడు?"

"సంజామలలో. బావమరిది దగ్గర."

"ఆడ నీళ్ళెట్లుండాయి?"

దేవరాజు తెలియదన్నాడు. ఏడాదిగా ఒక్కసారి కూడా పోయి చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. కృపావతి పొయ్యి ముట్టించి, అన్నం తిని పో అంది. దేవరాజు కాదనలేక కూర్చున్నాడు. ఆమె గంజి వార్చి, ముగ్గురికీ పళ్ళాలు పెట్టింది.